వారాంతపు వనవాసం

“బంగారంలాంటి ఇల్లు పెట్టుకుని, అడవిలోకి పోయి గుడ్డ డేరా కింద పడుకుంటారా? మనకేం ఖర్మరా నాయనా!”

2023లో పాల్వంచ నుంచి మా దగ్గరికి వచ్చిన అమ్మ, మేము క్యాంపింగ్ సామాన్లు కారులోకి ఎక్కిస్తుంటే గరాజ్ తలుపు దగ్గర నిలబడి అన్న మాట ఇది. ఆవిడ బాధలో న్యాయం లేకపోలేదు. ముప్ఫై ఏళ్ళ లోను నెత్తిన పెట్టుకుని ఎడ్మండ్‌సన్ పార్క్‌లో నాలుగు బెడ్‌రూముల ఇల్లు కట్టుకున్నాం. ఆ ఇంటికి తాళం వేసి, 3 గంటలు బండి నడుపుకుంటూ పోయి, రాళ్ళ మీద పరుపేసుకుని పడుకోవడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

అసలు ఈ పిచ్చి ఎలా పట్టుకుందో చెప్పాలి. నేను ఐ.టి. కన్సల్టెంటుని. అంటే కాంట్రాక్టు ఉన్నన్నాళ్ళు రాజు, లేనన్నాళ్ళు... ఆ సంగతి ఈ పత్రిక చదివేవాళ్ళలో సగంమందికి చెప్పనక్కర్లేదు. కొన్నేళ్ళ క్రితం అలా రెండు కాంట్రాక్టుల మధ్య ఖాళీగా ఉన్నప్పుడు పిల్లలకి స్కూలు సెలవలొచ్చాయి. ఇండియా టిక్కెట్లు చూస్తే కళ్ళు తిరిగాయి. గోల్డ్ కోస్ట్ పోదామన్నా నలుగురికీ విమానం, హోటలు, థీమ్ పార్కులు కలిపితే అదీ తక్కువేం కాదు. అప్పుడు మా ఆవిడ అంది: “చిన్నప్పుడు కార్తీకమాసంలో వనభోజనాలకి ఏ హోటల్లో దిగేవారండీ మీరు?”

నిజమే! కిన్నెరసాని డ్యాము దగ్గరికి లారీ మాట్లాడుకుని, గుండిగలూ గరిటెలూ వేసుకుని పోయేవాళ్ళం. ఆస్ట్రేలియా వాళ్ళు ‘బుష్ క్యాంపింగ్’ అనేది దానికి చుట్టమే. కాకపోతే మనం సాయంత్రానికి ఇల్లు చేరతాం, వీళ్ళు రాత్రి అక్కడే ఉండిపోతారు.

ఖర్చు సంగతి ముందు చెప్పేస్తాను. క్యాంపింగ్ సామాన్ల షాపులోకి తొలిసారి అడుగుపెట్టేవాళ్ళకి నాదొక మనవి: ఏమీ కొనకుండా బయటికి వచ్చేయండి. అక్కడ కనిపించే ప్రతిదీ అవసరమే అనిపిస్తుంది. ఫోల్డింగ్ కిచెన్ సింకు కూడా! మేము కేమార్ట్‌లో ఒక డేరా, నాలుగు స్లీపింగ్ బ్యాగులు, బన్నింగ్స్‌లో సూట్‌కేసులాంటి ఒంటి బర్నరు గ్యాస్ స్టవ్వు, రెండు నీళ్ళ క్యాన్లు, తలకి తగిలించుకునే లైట్లు కొన్నాం. కుర్చీలు పక్క వీధిలో ఎవరో ఇల్లు మారుతూ గమ్‌ట్రీలో పెడితే తెచ్చుకున్నాం. మొత్తం 400 డాలర్లు దాటలేదు. వంటసామాన్లు మన వంటింట్లోవే. మా ఆవిడ ఎస్కీలో పులిహోర, పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్లు, గోంగూర పచ్చడి సర్దితే మొదటి రోజు స్టవ్వు వెలిగించే పనే ఉండదు.

ఇంకొక మాట. ఫోర్ వీల్ డ్రైవ్ బండి లేకపోతే క్యాంపింగ్ లేదనుకోకండి. మొదటి రెండేళ్ళు మేము కొరోలాలోనే తిరిగాం. మనం ఉన్న చోటు కూడా కలిసొచ్చింది. ఎడ్మండ్‌సన్ పార్క్ నుంచి సిటీలో ఆఫీసుకి పోవాలంటే దాదాపు గంట రైలు ప్రయాణం అని గొణుక్కుంటాం గానీ, శుక్రవారం సాయంత్రం అదే మనకి వరం. హ్యూమ్ మోటార్‌వే ఇంటి పక్కనే. సిటీ వాళ్ళు ట్రాఫిక్‌లో ఉండగానే మనం ఊరు దాటేస్తాం. పశ్చిమానికి అరగంట పోతే నెపియన్ నది ఒడ్డున బెంట్స్ బేసిన్. అక్కడ వేడినీళ్ళ స్నానాల గదులు కూడా ఉంటాయి గనక తొలిసారి వెళ్ళేవాళ్ళకి, ముఖ్యంగా ‘బాత్‌రూము లేకపోతే నేను రాను’ అనేవాళ్ళకి అదే మంచిది. గ్లెన్‌బ్రూక్ దగ్గర యూరోకాలో కంగారూలు డేరా చుట్టూ మేస్తుంటాయి. రాత్రిపూట పార్కు గేటు వేసేస్తారు కాబట్టి చీకటి పడకముందే చేరుకోండి. హ్యూమ్ మీద దక్షిణానికి పోతే వింగెల్లో, పెన్‌రోజ్ స్టేట్ ఫారెస్టులు. అవి ప్రభుత్వ అడవులు. నేషనల్ పార్కులతో పోలిస్తే నియమాలు కాస్త సడలింపుగా ఉంటాయి, కుక్కని కూడా తీసుకుపోవచ్చు. నేషనల్ పార్కుల్లో అయితే రుసుము లేని చోట కూడా ముందు బుక్ చేసుకోమంటారు. వానలకీ మంటలకీ తరచుగా మూసేస్తుంటారు కూడా. బయల్దేరే రోజు పొద్దున పార్కువాళ్ళ సైటు చూడకుండా తాళం చెవి తీయకండి.

పిల్లలకి చెప్పదగ్గ విషయం ఒకటి. మన ఊరికి పేరిచ్చిన జాన్ హర్స్ట్ ఎడ్మండ్‌సన్ ఇక్కడికి దగ్గరలోనే పొలం పనులు చేస్తూ పెరిగిన కుర్రాడు. 1941 ఏప్రిల్‌లో లిబియాలోని టోబ్రుక్ దగ్గర, గాయాలతో ఉండి కూడా తన అధికారిని కాపాడి ప్రాణం వదిలాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన తొలి ఆస్ట్రేలియన్ సైనికుడు అతనే. మా చిన్నదానికి తొమ్మిదేళ్ళు. దాన్ని కారులో నిద్రపోనీయకుండా ఈ కథ నాలుగుసార్లు చెప్పి ఉంటాను.

తర్వాత ఆశ పెరిగింది. కొరోలా ఆగిపోయిన చోట నుంచి అసలు అందాలు మొదలవుతాయని తెలిసింది. అలా 2012 మోడల్ సెకండ్ హ్యాండ్ పజేరో ఇంటికొచ్చింది. ఒంటి మీద నాలుగు గీతలున్నాయి, కాబట్టి ఐదో గీత పడితే గుండె ఆగదు. పాత బండి కొనడంలో లాభం అదే. కొనేముందు మెకానిక్కుతో చూపించడానికి డబ్బు ఖర్చు పెట్టండి. లో రేంజ్ గేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. ఎస్‌.యు.వి. అని రాసున్న ప్రతి బండీ కొండ ఎక్కదు. ఇన్సూరెన్సు కాగితంలో మట్టిదారుల గురించి ఏం రాసుందో చదవండి. ఆ తర్వాత కొనాల్సినవి మూడే: టైర్లలో గాలి కొలిచే గేజి, గాలి నింపే చిన్న కంప్రెసరు, బురదలో చక్రం కింద పెట్టే రికవరీ బోర్డులు. తారురోడ్డు మీద 35 పి.ఎస్.ఐ. ఉండే టైరుని రాళ్ళదారిలో 26-28కి దించితే బండి మెత్తగా పోతుంది, పట్టూ పెరుగుతుంది. న్యూకాసిల్ దగ్గర స్టాక్‌టన్ ఇసుకతీరంలో అయితే 15-18 దాకా దించాలి (అక్కడికి పర్మిట్ కూడా కావాలి). తిరిగి తారురోడ్డు ఎక్కగానే గాలి నింపుకోవడం మర్చిపోకండి. ఇక ప్రాణం మీదికి తెచ్చేది ఒకటుంది. ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు తాడుని ట్రెయిలర్ తగిలించే టో బాల్‌కి ఎప్పుడూ కట్టొద్దు. అది విరిగితే ఫిరంగి గుండే.

ఇదంతా తెలుసుకున్నవాణ్ణి కదా అని నాకూ కాస్త గర్వం వచ్చింది. అది దిగిన సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

2023 నవంబరు చివరి వారాంతం. కార్తీకమాసం. ఆదివారం రాత్రి పౌర్ణమి. “ఇంట్లో కూర్చుంటే ఏముంది, వనభోజనాలన్నావుగా, నేనూ వస్తా” అంది అమ్మ. డెబ్భై రెండేళ్ళు ఆవిడకి. అప్పటికి నాకు కాంట్రాక్టు అయిపోయి నెలన్నర. సోమవారం పొద్దున 10 గంటలకి పారమట్టాలో ఒక ఇంటర్వ్యూ. రెండు దశలు దాటాను, చివరిది. ఆదివారం సాయంత్రానికల్లా ఇంటికి వచ్చేస్తాం కదా అనుకున్నాను.

గమ్యం అబర్‌క్రాంబీ రివర్ నేషనల్ పార్క్. గోల్‌బర్న్ దాకా హ్యూమ్, అక్కణ్ణించి టరాల్గా మీదుగా ఉత్తరానికి. మా వీధిలోని ఇంకో తెలుగు కుటుంబం కూడా వచ్చింది. వాళ్ళది స్నార్కెల్ బిగించిన ప్రాడో. పిల్లలు ఆయన్ని ‘ప్రాడో అంకుల్’ అంటారు, ఆయన మహదానందపడతారు. రెండు బండ్లలోనూ యు.హెచ్.ఎఫ్. రేడియోలు. 4x4 జనం ఎక్కువగా వాడే 10వ ఛానల్లో దారంతా పిల్లల అంత్యాక్షరి.

పార్కు లోపలి ఫైర్ ట్రయిల్స్ ఎక్కడం దిగడం మా అమ్మకి బొత్తిగా నచ్చలేదు. కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం అందుకుంది. నీళ్ళు దాటే చోటు వచ్చింది. నేను బూట్లతో దిగి, కర్ర పట్టుకుని ఇవతలి నుంచి అవతలికి నడిచి చూశాను. మోకాలి లోతు, కింద గట్టి గులకరాళ్ళు, అద్దంలాంటి నీళ్ళు. లో రేంజ్‌లో రెండో గేరు వేసి, ఆగకుండా మెల్లగా దాటేశాం. అవతల ఎత్తు మీద నది ఒడ్డున డేరాలు వేసుకున్నాం. మనుషులెవరూ లేరనుకున్నాం గానీ, చెట్ల వెనకాల ఒక రిటైరైన ఆసీ జంట పాత ల్యాండ్‌క్రూజర్‌తో ఉన్నారు. సాయంత్రం నీటిమడుగులో ప్లాటిపస్ కనిపించింది. మా చిన్నది ఊపిరి బిగబట్టి పావుగంట కదలకుండా కూర్చుంది. దాని జీవితంలో అదొక రికార్డు. రాత్రి ఎస్కీ మూతకి గొళ్ళెం పెట్టడం మర్చిపోతే పోసమ్ వచ్చి, అమ్మ చేసిన అరిసెలు ఆరు తినేసి పోయింది. “పోనీలే, దానికీ పండగే” అంది అమ్మ.

ఆ రాత్రి మా మీద నాలుగు చినుకులే పడ్డాయి. దూరంగా కొండల మీద మాత్రం మెరుపులు చాలాసేపు కనిపించాయి. నేను పట్టించుకోలేదు.

ఆదివారం పొద్దున కాఫీ పెడుతుంటే అమ్మ ఒడ్డునుంచి వచ్చింది. “ఒరేయ్, నీళ్ళ రంగు చూశావా? నిన్న తేటగా ఉన్నాయి. ఇవాళ ఎర్రగా వస్తున్నాయి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయి. పైన పడ్డదిరా వాన.”

పరుగెత్తుకెళ్ళి చూశాను. నిన్న మేము దాటిన చోట గులకరాళ్ళు కనిపించడం లేదు. మా పెద్దవాడికి పధ్నాలుగేళ్ళు. శనివారం వాడు ఆటగా ఒడ్డున ఒక పుల్ల గుచ్చి నీటిమట్టం దగ్గర గీత పెట్టాడు. ఆ గీత ఇప్పుడు జానెడు నీళ్ళ కింద ఉంది. మోకాలి లోతుకి జానెడు కలిపితే 60 సెంటీమీటర్లు. పజేరో పుస్తకంలో 70 దాకా పోవచ్చని ఉంది. మరి పోవచ్చు కదా?

“పోదాం పదండి, నా వెనకాల రండి” అన్నారు ప్రాడో అంకుల్. “మీకు రేపు ఇంటర్వ్యూ కదా, ఇంకో గంట ఆగితే ఇంకా పెరుగుతుంది.”

ఆయన చెప్పింది తప్పని కొట్టిపారేయలేకపోయాను. నిజంగానే పెరుగుతోంది. నేను సీట్లో కూర్చుని తాళం కూడా తిప్పాను. వెనక సీట్లో పిల్లలిద్దరూ బెల్టులు పెట్టుకున్నారు. అమ్మ మాత్రం ఎక్కలేదు. బండి ముందుకొచ్చి నిలబడింది.

“నాకు పదేళ్ళప్పుడు మా మేనత్త ఊరికి పోతుంటే ముర్రేడు వాగు ఇట్లాగే వచ్చింది. మా నాయన బండి విప్పేసి ఒడ్డునే వండుకు తినమన్నాడు. మా వెనకాల వచ్చినవాడు, ఇంతేగా అని దింపాడు. బండి పోయింది, ఎడ్లు పోయినై. మనిషి ఎట్లాగో చెట్టు పట్టుకుని బతికాడు. ఎద్దుకి ఈత వచ్చురా! నీ కారుకి వచ్చా?”

నవ్వొచ్చే మాటే గానీ ఎవరూ నవ్వలేదు. ఇంజన్ ఆపేశాను.

ఆవిడ చెప్పినదాని వెనక సైన్సు తర్వాత చదివాను. పుస్తకంలో ఉన్న 70 సెంటీమీటర్లు నిలిచిన నీళ్ళకి. ప్రవాహం వేరు. న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ ఇంజనీర్లు తమ నీటి ప్రయోగశాలలో నిజం కార్లనే పెట్టి పరీక్షించారు. నడకంత వేగంతో పారే 15 సెంటీమీటర్ల నీళ్ళకి చిన్న కారు కదిలిపోయింది. రెండున్నర టన్నుల నిస్సాన్ పెట్రోల్ బండికి కూడా 45 సెంటీమీటర్ల నీళ్ళలో పట్టు తప్పుతుందని తేల్చారు. కొత్త బండ్లలోకి గాలీ నీళ్ళూ త్వరగా చొరబడవు కాబట్టి అవి పడవల్లా తేలతాయి. నా లెక్క ప్రకారం అక్కడున్నది 60! ఇక్కడి ఎస్.ఇ.ఎస్. వాళ్ళు ఎప్పుడూ చెప్పేదీ ఇదే: వరద నీళ్ళు కనిపిస్తే దాటే ఆలోచన మానెయ్యమని. టీవీలో వందసార్లు విన్నాను. అది ఊళ్ళో రోడ్ల గురించి అనుకున్నాను.

ఆసీ పెద్దాయన తన మగ్గు పట్టుకుని వచ్చి, నీళ్ళకేసి ఒకసారి చూసి, ఈ నది ఎంత తొందరగా ఎక్కుతుందో అంత తొందరగా దిగుతుంది, ఇక్కడే ఉండండి, మా దగ్గర బీన్స్ డబ్బాలు బోలెడున్నాయి అన్నాడు. మా డేరాలు ఉన్న చోటు ఎత్తుగానే ఉందని కూడా చూసి చెప్పాడు.

ఫోను సిగ్నల్ లేదు. పెద్దవాడు నా ఫోను చూస్తూ అడిగాడు, “నాన్నా, ఇందులో ఉపగ్రహం ద్వారా ఎస్.ఓ.ఎస్. ఉంది కదా. ఇంటర్వ్యూ మిస్సవడం ఎమర్జెన్సీ అవుతుందా?” నేను జవాబు చెప్పేలోపే వాడే అన్నాడు, “కాదులే. ఎవరికీ ఏమీ కాలేదుగా.” (2025 జూన్‌లో టెల్‌స్ట్రా ఉపగ్రహ మెసేజీలు మొదలుపెట్టింది. సరిపడే ఫోను ఉంటే సిగ్నల్ లేని చోటునుంచి మామూలు మెసేజీ పంపుకోవచ్చు. మాకు ఒకటిన్నర సంవత్సరం ఆలస్యమైంది.)

తిండికి లోటు రాలేదు. ఒక పూట అదనంగా సర్దమని నేనెప్పుడూ చెప్పలేదు, మా ఆవిడ ఎప్పుడూ సర్దకుండా ఉండలేదు. బియ్యం, కందిపప్పు, ఉల్లిపాయలు ఉన్నాయి. ఆసీ దంపతులు మా పప్పన్నం తిని, వాళ్ళ బీన్స్ డబ్బాలు మాకు అంటగట్టారు. సాయంత్రం మబ్బు విడిపోయి చంద్రుడు వచ్చాడు. అమ్మ సంచిలోంచి 365 వత్తుల కట్ట తీసింది! అది ఎందుకు తెచ్చిందో, ఆదివారం రాత్రికి ఇంట్లో ఉంటామన్న నమ్మకం ఆవిడకి మొదట్నించీ లేదేమో, నాకిప్పటికీ తెలియదు. దీపాన్ని నీళ్ళలో వదులుతానంటే చిన్నది ఒప్పుకోలేదు, “నదిలో ఏమీ వదలకూడదు నానమ్మా, ప్లాటిపస్ ఇల్లు అది” అంది. నాకు ఇంకో భయం. అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా ఇక్కడ మంటల కాలం. టోటల్ ఫైర్ బ్యాన్ రోజున కట్టెల మంట అసలు కూడదు, గ్యాస్ స్టవ్వుకీ ఆంక్షలుంటాయి. ఆ వారాంతానికి బ్యాన్ లేదని బయల్దేరేముందే చూసుకున్నాం, నేల కూడా తడిసి ఉంది. చివరికి పార్కువాళ్ళు కట్టించిన పొయ్యి గుంటలో స్టీలు కంచం పెట్టి వెలిగించాం. ఆరేదాకా పక్కనే బకెట్టు నీళ్ళతో ప్రాడో అంకుల్ కాపలా.

సోమవారం పొద్దున 10 గంటలకి నేను ఒడ్డున కూర్చుని పుల్ల వంక చూస్తున్నాను. గీత బయటపడటానికి ఇంకా నాలుగు వేళ్ళు ఉంది. ఆ గంటసేపు నా మనసు ఎలా ఉందో రాయను. మధ్యాహ్నం 2 గంటలకి నీళ్ళు తేటపడి గీత కిందికి దిగాయి. కింద రాళ్ళు కనిపించాక మళ్ళీ నడిచి చూసుకుని, ఒక్కొక్క బండీ దాటించాం.

టరాల్గా దగ్గర సిగ్నల్ రాగానే ఫోను మోగుతూనే ఉంది. ఏజెంటు అయిదుసార్లు చేసింది. జరిగింది చెప్పాను, మర్యాదగానే విన్నది. ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది. తర్వాతి కాంట్రాక్టు ఫిబ్రవరిలో గానీ దొరకలేదు. ఆ రెండున్నర నెలలూ మా ఆవిడ జీతంతో లోను కట్టాం. ఆవిడ ఒక్కసారి కూడా ఆ నది పేరెత్తలేదు. నేనే ఎత్తేవాణ్ణి.

ఇప్పుడు ఇంటర్వ్యూ ముందు వారాంతం ఇల్లు కదలను, అది వేరే సంగతి. మారినవి ఇంకొన్ని ఉన్నాయి. వాతావరణం చూసేటప్పుడు మేము దిగే చోటే కాదు, నది ఎగువన కూడా చూస్తాం. ఎక్కడికి పోతున్నాం, ఎప్పటికి రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది రాసి, వీధిలో ఒకరికి ఇచ్చిపోతాం. 406 మెగాహెర్ట్జ్ పి.ఎల్.బి. ఒకటి రెండు కుటుంబాలం కలిసి కొని, రిజిస్టర్ చేశాం. ఫోనులో ‘ఎమర్జెన్సీ ప్లస్’ యాప్ ఉంది, 000కి ఫోన్ చేసినప్పుడు మనం ఉన్న చోటు అందులో కనిపిస్తుంది. ప్రథమ చికిత్స పెట్టెలో పొడుగాటి సాగే బ్యాండేజీలు మూడు. పాము కాటేస్తే మన ఊళ్ళోలా కోయడం, కడగడం, తాడు బిగించి కట్టడం ఇవేవీ చేయకూడదు. కాటు మీదనుంచి మొత్తం అవయవానికి గట్టిగా బ్యాండేజీ చుట్టి, కదలకుండా పడుకోబెట్టి, సహాయం పిలవాలి. పిల్లలచేత ఇంట్లో సోఫా మీద ప్రాక్టీసు చేయించండి. మా చిన్నది నానమ్మ కాలికి చుట్టి చుట్టి, ఆవిడ టీవీ సీరియల్ అయిపోయేదాకా విప్పనివ్వలేదు.

అమ్మ 2024 జనవరిలో పాల్వంచ వెళ్ళిపోయింది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు పిల్లల చదువులు, నా ఉద్యోగం, ఇక్కడి ఎండలు అన్నీ అడిగాక, పెట్టేసేముందు ఇంకొకటి అడుగుతుంది.

“ఆ అరిసెలు తిన్నది మళ్ళీ కనిపించిందా?”